ఇంట్లో పెట్టిన పామ్ మొక్క ఆకులు వాలిపోతున్నాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

హాల్లో సోఫా పక్కన, ఆఫీసు రిసెప్షన్‌లో, ఫంక్షన్ హాల్ గుమ్మం దగ్గర కనిపించే ఆ పచ్చటి గుబురు మొక్క చాలావరకు అరెకా పామే. కాబట్టి ఇక్కడ రాసినదంతా దాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిందే. వేరే రకాలకు ఎక్కడైనా తేడా ఉంటే కింద విడిగా చెప్పాను. చుట్టాలు, పక్క ఫ్లాట్ల వాళ్లు, ఆఫీసులో వాళ్లు నన్ను అడిగీ అడిగీ అరగదీసిన ప్రశ్నలివి.

నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ చూస్తే ఆకులన్నీ వాలిపోయాయి. ముందు ఏం చెయ్యాలి?

చెంబు పక్కన పెట్టండి. నిజంగానే చెబుతున్నా. ఆకు వాలగానే మన చెయ్యి నీళ్లకే వెళ్తుంది, సగం మొక్కలు అక్కడే చేజారిపోతాయి.

ముందు కొబ్బరి చీపురులోంచి కాస్త లావుపాటి పుల్ల ఒకటి లాగండి. (అదీ పామ్ జాతి చెట్టు ఈనే కదా, చుట్టరికం కూడా కలిసొస్తుంది.) కుండీ అంచుకీ మొక్క మొదలుకీ మధ్యలో, అడుగు తగిలేదాకా మెల్లగా గుచ్చి, ఐదు నిమిషాలు వదిలేసి తీయండి. పుల్ల పొడవునా తడిసి నల్లబడి, మట్టి అంటుకుని వచ్చిందంటే నీళ్లు కాదు సమస్య, లేదా నీళ్లే సమస్య, కానీ ఎక్కువై. పొడిగా, దుమ్ము మాత్రమే అంటుకుని వచ్చిందంటే దాహం. పైన పొడి, కింద సగం తడి అయితే కంగారు పడకుండా ఒకటి రెండు రోజులు ఆగొచ్చు.

పైమట్టిని చూసి నిర్ణయించకండి. ఫ్యాన్ గాలికి పై రెండు అంగుళాలు ఒక్క రోజులో ఎండిపోతుంది, కింద మాత్రం వరి మడిలా ఉంటుంది.

నీళ్లు తక్కువైనా వాలుతుంది, ఎక్కువైనా వాలుతుంది అంటున్నారు. అదెలా?

ఆకు నిటారుగా నిలబడేది లోపలి కణాల్లో నిండిన నీటి బిగువు వల్ల. గాలి కొట్టిన సైకిల్ ట్యూబు లాంటిదనుకోండి, గాలి తగ్గితే మెత్తబడిపోతుంది. మట్టి ఎండిపోతే పైకి నీళ్లు రావు, ఆకు మెత్తబడుతుంది, ఇది అందరికీ తెలిసిందే.

రెండోది తెలీక దెబ్బ తింటాం. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది, మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలే దానికి ఆధారం. రోజూ పోసే నీళ్లతో ఆ సందులన్నీ నిండిపోతే వేరుకి ఆక్సిజన్ అందదు, పని మానేస్తుంది, ఆ తర్వాత బూజు తెగుళ్లు పట్టి కుళ్లిపోతుంది. చుట్టూ నీళ్లున్నా తాగడానికి నోరు లేని పరిస్థితి అన్నమాట. ఆకు దృష్టిలో రెండూ ఒకటే, పైకి నీళ్లు రావట్లేదు. అందుకే చూడ్డానికి రెండూ ఒకేలా వాలిపోతాయి, మనం పాపం ఎండిపోతోందేమో అనుకుని ఇంకో రెండు చెంబులు పోస్తాం.

పుల్ల పరీక్ష కాకుండా ఇంకేమైనా గుర్తులున్నాయా?

ఉన్నాయి. దాహం వేసిన మొక్క ఆకులు పలచగా, గలగలమనేలా ఉంటాయి, ఒక్కో రెబ్బ ఈనె దగ్గర మడత పడి పడవలా ముడుచుకుంటుంది, కొనలు గోధుమ రంగులోకి మారి పెళుసుగా విరుగుతాయి. కుండీ ఎత్తితే తేలిగ్గా లేస్తుంది. మట్టి కుండీ గోడ నుంచి విడిపోయి సందు కనిపిస్తుంది.

నీళ్లెక్కువైనదైతే ఆకులు పెళుసుగా కాకుండా మెత్తగా వేలాడతాయి, పసుపు రంగు ఒకటి రెండు కింది మట్టలతో ఆగకుండా గుంపులో అక్కడక్కడా పైదాకా పాకుతుంది. మొదలు దగ్గర కాడ నొక్కితే మెత్తగా తగులుతుంది. మట్టి దగ్గర ముక్కు పెడితే మురుగు వాసన. కుండీ చుట్టూ చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతుంటాయి, అవి తడి ఆరని మట్టిలోనే పుడతాయి కాబట్టి అవి కనిపించాయంటే మట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందని అర్థం.

మీ ఇంట్లో ఎప్పుడైనా పోయిందా?

మొదటిది అలాగే పోయింది. గృహప్రవేశానికి ఎవరో తెచ్చిన అరెకా, తెల్లటి పింగాణీ కుండీలో, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదో. పొద్దున్న కాఫీ తాగుతూ నేను ఒక గ్లాసు పోసేదాన్ని. సాయంత్రం దీపం పెట్టాక అత్తయ్య ఒక చెంబు పోసేవారు. ఇల్లు తుడవడానికి వచ్చే అమ్మాయి కూడా, ఎవరూ చెప్పకపోయినా, మొక్క మీద జాలితో మగ్గుడు పోసేదని తర్వాత తెలిసింది. ముగ్గురం ఒకరికొకరు చెప్పుకోలేదు.

నెల తిరిగేసరికి వాలిపోయింది. "నీళ్లు చాలట్లేదమ్మా, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో" అన్నారు అత్తయ్య. నేనూ అదే అనుకున్నా. ఇంకో పది రోజులు పోశాం. చివరికి ఒక ఆదివారం మా ఆయన కుండీ జరపబోతే లోపల నీళ్లు కదిలిన చప్పుడైంది. బాల్కనీలోకి మోసుకెళ్లి వంచితే నల్లటి నీళ్లు, డ్రైనేజీ మూత తీసినప్పటి వాసన. కుండీకి అడుగున చిల్లే లేదు. ఒక వేరు పట్టుకుని రెండు వేళ్ల మధ్య లాగితే పైతొక్క సాక్స్ ఊడినట్టు ఊడొచ్చింది, లోపల దారంలాంటి పోగు మాత్రం మిగిలింది. బాగున్న వేరు అలా ఉండదు, తెల్లగానో లేత గోధుమగానో ఉండి, వంచితే గట్టిగా తగులుతుంది.

ఇప్పుడున్నది రెండోది, ఐదేళ్లయింది. ఇంట్లో రూల్ ఒకటే: పుల్ల గుచ్చి చూసిన వాళ్లే నీళ్లు పోయాలి, పోసిన వాళ్లు ఫ్రిజ్ మీది కేలండర్‌లో చుక్క పెట్టాలి.

వేర్లు కుళ్లుతున్నాయని తేలింది. బతికించొచ్చా?

సగం పైన వేర్లు గట్టిగా ఉంటే తప్పకుండా ప్రయత్నించొచ్చు. మొక్కను కుండీలోంచి తీసి, పాత న్యూస్‌పేపర్ల మీద ఒక రాత్రి నీడలో పెడితే పేపర్లు తడిని లాగేస్తాయి. ఊడొచ్చే మట్టిని మాత్రమే దులపండి, వేర్లను కడిగి, చిక్కు తీసి, దువ్వి మరీ నాటాల్సిన పనిలేదు, పామ్‌కి వేర్లను కెలకడం అస్సలు నచ్చదు. నల్లగా, మెత్తగా ఉన్న వేర్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి. కావాలంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపి ఒక్కసారి వేర్లు తడిసేలా పోయొచ్చు. అది బాల్కనీలో, చేతికి గ్లౌజులు వేసుకుని చెయ్యండి, పిల్లల దగ్గర వద్దు.

తర్వాత చిల్లున్న కుండీలో కొత్త మట్టితో నాటి, ఒకసారి తడిపి, వెలుతురున్న నీడలో పెట్టండి. మళ్లీ నీళ్లు పుల్ల చెప్పినప్పుడే. ఈ టైములో ఎరువు మాత్రం దగ్గరికి రానివ్వకండి. జ్వరంలో ఉన్న మనిషికి బిర్యానీ పెట్టినట్టు ఉంటుంది.

వేర్లు తగ్గాయి కాబట్టి ఉన్న ఆకులన్నిటినీ అవి మోయలేవు, కొన్ని ఎండి రాలతాయి. భయపడి మళ్లీ నీళ్లు పోయకండి. కోలుకోవడం వారాల్లో కాదు, నెలల్లో తెలుస్తుంది.

నాది ఉల్టా. ఊరెళ్లి వచ్చేసరికి పూర్తిగా ఎండిపోయింది.

ఇది సులువు. బాగా ఎండిన మట్టి, ముఖ్యంగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిసిన మట్టి, నీళ్లను పీల్చుకోదు, పోసింది పోసినట్టు అంచు వెంట జారి కింద చిల్లులోంచి బయటికి వచ్చేస్తుంది, మీరేమో తడిసిందనుకుంటారు. కుండీని బకెట్‌లో పెట్టి, బకెట్‌లో సగం దాకా నీళ్లు పోసి, అరగంట వదిలెయ్యండి. కింద నుంచి మెల్లగా పీల్చుకుంటుంది. తీశాక నీళ్లు పూర్తిగా కారనిచ్చి యథాస్థానంలో పెట్టండి. మరీ ముదిరిపోకపోతే ఒకటి రెండు రోజుల్లో లేస్తుంది. గోధుమ రంగులోకి మారిన భాగాలు మాత్రం మళ్లీ పచ్చబడవు.

కొని వారం కూడా కాలేదు, అప్పుడే వాలిపోయింది. నర్సరీ వాళ్లు మోసం చేశారా?

మోసం కాకపోవచ్చు. మన దగ్గర అమ్మే మొక్కల్లో చాలా భాగం తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక చుట్టుపక్కల నర్సరీల నుంచి వచ్చేవే. అక్కడ షేడ్‌నెట్ కింద, గోదావరి గాలి తేమలో, రోజూ పైపుతో తడుపుతుంటే పెరిగిన మొక్క. లారీ ఎక్కి దాదాపు 400 కిలోమీటర్లు హైదరాబాద్ వచ్చి, రోడ్డు పక్క దుకాణంలో దుమ్ము తిని, చివరికి మీ ఏసీ హాల్లో మూలకి చేరింది. వెలుతురు మారింది, తేమ మారింది, నీళ్లు మారాయి. ఒకటి రెండు మట్టలు పసుపెక్కి రాలడం మామూలే. రెండు మూడు వారాలు ఒకే చోట ఉంచి చూడండి, రోజుకో మూలకి తిప్పకండి, తెచ్చిన రోజే కుండీ మార్చకండి.

ఇందులో మెలిక ఒకటుంది, అది చాలామందికి తెలీదు. కడియం నుంచి వచ్చే మొక్క మొదలు చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిగా ఉంటుంది, ప్రయాణంలో వేర్లు కదలకుండా. మనం ఆ ముద్ద చుట్టూ తేలిక మట్టి, కోకోపీట్ వేసి నాటుతాం. ఆ తర్వాత నీళ్లన్నీ తేలిక మట్టిలోకే పోతాయి, మధ్యలో ముద్ద ఇటుకలా ఎండిపోతుంది, వేర్లేమో ఆ ముద్దలోనే ఉంటాయి. చుట్టూ తడి, మధ్యలో కరువు. పుల్ల అంచు దగ్గర గుచ్చితే తడిగా వస్తుంది, మొక్క మాత్రం వాలిపోతూనే ఉంటుంది. అనుమానం వస్తే పుల్లను మొదలుకి దగ్గరగా గుచ్చండి, దిగనే దిగకపోతే అదే రోగం. సన్నటి స్క్రూడ్రైవర్‌తో ముద్దలో ఐదారు చిల్లులు పొడిచి, పైన చెప్పిన బకెట్ పద్ధతిలో నానబెట్టండి.

వారానికి ఎన్నిసార్లు నీళ్లు పోయాలి? ఒక లెక్క చెప్పండి.

లెక్క చెబితే అదే పట్టుకుంటారని భయం. అయినా చెబుతా: మన ఎండాకాలంలో రెండు మూడు రోజులకు ఒకసారి, వానాకాలంలో ఐదారు రోజులకు, చలికాలంలో వారం నుంచి పది రోజులకు. ఏ కాలమైనా పుల్ల గుచ్చి చూసుకున్నాకే పోయాలి, పోసినప్పుడు కింద చిల్లులోంచి కారేదాకా నిండుగా పోయాలి. రోజూ అరగ్లాసు తీర్థంలా పోయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, పైన ఎప్పుడూ బురద, కింద ఎప్పుడూ పొడి. కింద ప్లేటులో చేరిన నీళ్లు అరగంటలో పారబోయండి.

కుండీకి చిల్లు లేదు. అడుగున గులకరాళ్లు వేస్తే సరిపోదా?

సరిపోదు. యూట్యూబ్‌లో ఎంతమంది చెప్పినా సరిపోదు. మట్టి పూర్తిగా నానిపోతే తప్ప నీళ్లు రాళ్లలోకి దిగవు, అంటే బురద ఉండే పొర కుండీ అడుగు నుంచి కాస్త పైకి జరుగుతుంది అంతే, అది వేర్లకు ఇంకా దగ్గర. కుండీ అందం మీద మోజుంటే మొక్కను చిల్లులున్న మామూలు ప్లాస్టిక్ కుండీలో ఉంచి, దాన్ని ఆ పింగాణీ కుండీలో దించండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి, కారాక మళ్లీ పెట్టండి.

ఏ నీళ్లు మంచివి? బోరు, ఆర్వో, ఏసీ, బియ్యం కడుగు?

వాన నీళ్లకు మించింది లేదు. వానొచ్చిన రోజు మొక్కనే బాల్కనీలో పెడితే ఆకుల మీద దుమ్ము కూడా పోతుంది. మున్సిపల్ నీళ్లయితే బకెట్‌లో పట్టి రాత్రంతా ఉంచి పోయండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే కొన్నాళ్లకు మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొనలు ఎండుతాయి. అరెకా ఫ్లోరైడ్‌ను కూడా తట్టుకోలేదు, నల్గొండ వైపు బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. గత్యంతరం లేకపోతే రెండు మూడు నెలలకోసారి మంచి నీళ్లతో కడగండి: కుండీని బాత్రూంలో పెట్టి, కుండీలో పట్టేదానికి మూడు నాలుగు రెట్ల నీళ్లు మెల్లగా పోస్తూ కింద కారనివ్వాలి, ఉప్పంతా కొట్టుకుపోతుంది.

ఆర్వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు. పారబోయడానికి మనసొప్పక చాలామంది మొక్కలకు పోస్తారు, కానీ ఫిల్టర్ వదిలేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. నేల తుడవడానికి వాడండి. ఏసీ నీళ్లు పర్వాలేదు, అందులో ఉప్పు ఉండదు, మామూలు నీళ్లతో కలిపి పోయండి, మరీ చల్లగా ఉంటే కాసేపు ఆగి.

బియ్యం కడుగు పెరట్లో కరివేపాకుకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. హాల్లో కుండీలో పోస్తే మూడో రోజుకి పులిసిన వాసన, నాలుగో రోజుకి ఆ నల్ల దోమలు. టీ పొడి కూడా అంతే, పంచదార కడగకుండా వేస్తే చీమలు పుట్ట పెడతాయి.

ఎక్కడ పెట్టాలి?

లైట్ వెయ్యకుండా పగటిపూట పేపర్ చదువుకోగలిగేంత వెలుతురు ఉన్న చోట. తూర్పు కిటికీ పక్కన, లేదా పలచటి కర్టెన్ వెనక. లేత ఉదయపు ఎండ గంటా రెండు గంటలు పడినా మంచిదే. చీకటి మూలలో పెడితే ఒక్కసారిగా చావదు, అదే దాంతో చిక్కు. నెలల తరబడి కాడలు సన్నగా, పొడుగ్గా సాగి, వాటి బరువుకి అవే వాలిపోతాయి. దీనికి నీళ్లతో సంబంధం లేదు. పైగా చీకట్లో మొక్క నీళ్లు తక్కువ తాగుతుంది, మనం మామూలుగానే పోస్తాం, మళ్లీ కథ కుళ్లు దగ్గరికే వస్తుంది.

ఏసీ ఉన్న గదిలో పెట్టకూడదా అంటే, పెట్టొచ్చు, 24 డిగ్రీలకు దానికేం కాదు. ఏసీ గాలి తిన్నగా ఆకులకు కొట్టకూడదు. కూలర్ ముందు, ఫ్రిజ్ వెనక వేడి గాలి వచ్చే చోట కూడా వద్దు.

వెలుతురు కావాలన్నారని మేడ మీద పెట్టాను, ఆకులు తెల్లగా మాడిపోయాయి.

నేనూ ఇదే పని చేశాను, అదీ మే నెలలో. హాల్లో ఉన్న మొక్కను ఒక్కసారిగా పడమటి ఎండలో పెడితే రెండు రోజుల్లో ఆకుల మీద పెనం మీద మాడిన కాగితంలా మచ్చలు వచ్చేశాయి. ఆ ఆకులు ఇక కోలుకోవు, కొత్తవి రావాల్సిందే. బయట పెట్టాలంటే వానలు పడ్డాక, ముందు నీడలో, తర్వాత కొద్ది కొద్దిగా.

ఆకుల కొనలు మాత్రమే ఎండుతున్నాయి, వాలట్లేదు. ఫర్వాలేదా?

ఫర్వాలేదు. పొడి గాలి, ఉప్పు నీళ్లు, ఒక్కోసారి నీళ్లు ఆలస్యం కావడం, వీటిలో ఏదో ఒకటి. చూడ్డానికి బాగోకపోతే కత్తెరతో ఆకు ఆకారంలోనే ఏటవాలుగా కత్తిరించండి, కానీ గోధుమ అంచు సన్నటి గీత మిగలనివ్వండి. పచ్చదాంట్లోకి కోస్తే కోసిన చోట మళ్లీ ఎండుతుంది. స్ప్రే బాటిల్‌తో నీళ్లు చల్లడం వల్ల తేమ కొన్ని నిమిషాలే, ఆ ఓపికేదో వారానికోసారి తడిగుడ్డతో ఆకులు తుడవడానికి వాడితే దుమ్ము పోతుంది, పురుగు ఉంటే అదీ కనిపిస్తుంది.

కింది మట్టలు పసుపెక్కి వాలుతున్నాయి, పైవి బాగున్నాయి.

కొబ్బరి చెట్టు చూసే ఉంటారు కదా, కింది మట్టలు పండి రాలుతుంటాయి, పైన కొత్తవి వస్తుంటాయి. ఇదీ అంతే. ఒకసారికి ఒకటో రెండో అయితే వయసు. పూర్తిగా ఎండాకే కొయ్యండి, ఎందుకంటే పొటాషియం లాంటివి తక్కువైనప్పుడు ముదురు ఆకుల్లోంచి లాక్కుని కొత్త ఆకులకు పంపుతుంది. పసుపుగా ఉండగానే కోసేస్తే ఆ ఆహారం బుట్టదాఖలే, అది పైనున్న ఆకు మీద పడుతుంది.

ముదురు ఆకుల అంచులు పసుపై, మధ్యలో ఈనె పక్కన మాత్రం పచ్చగా మిగిలితే మెగ్నీషియం తక్కువైందని అర్థం. ఎప్సం సాల్ట్ లీటరుకు ఒక చెంచా కలిపి నెలకోసారి, రెండు మూడు నెలలు. ప్రతి రోగానికీ ఎప్సం సాల్ట్ పోసేవాళ్లున్నారు, అది జిందా తిలిస్మాత్ కాదు.

మధ్యలోంచి వచ్చే కొత్త ఆకు కూడా వాలిపోతోంది. ఇదీ మామూలేనా?

కాదు. టెన్షన్ పడాల్సింది ఇక్కడే. తాటికైనా కొబ్బరికైనా ఈ అరెకాకైనా ఒక్కో కాండానికి ఎదిగే చోటు ఒక్కటే, మొవ్వు. మామిడికి కొమ్మ కొడితే పక్క నుంచి చిగురేస్తుంది, పామ్‌కి ఆ సౌకర్యం లేదు. మధ్యలో ఇంకా విచ్చుకోని ఈటెలాంటి ఆకును మెల్లగా పైకి లాగి చూడండి. గట్టిగా ఉంటే బతికుంది. చేతిలోకి ఊడొచ్చి, అడుగున మెత్తగా, కంపు కొడితే మొవ్వు కుళ్లింది, ఆ కాండం ఇక లేవదు, దాన్ని మొదలంటా కోసెయ్యండి. అదృష్టం ఏంటంటే అరెకా గుంపుగా ఉంటుంది, మిగతా కాండాలు దక్కొచ్చు. నీళ్లు పోసేటప్పుడు మొవ్వులో నిలవకుండా మట్టి మీదే పోయండి. పొడుగు తగ్గించాలని తల కత్తిరించే వాళ్లను కూడా చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

పురుగు వల్ల కూడా వాలుతుందా?

వాలుతుంది. ఆకు అడుగున చూడాలి. సన్నటి సాలెగూడు, ఆకు మీద ఇసుక చల్లినట్టు పసుపు చుక్కలు ఉంటే ఎర్రనల్లి, ఎండాకాలం ఏసీ గదుల్లో దీని గోల ఎక్కువ. కాడల సందుల్లో దూది ముక్కల్లా ఉంటే పిండినల్లి. గోధుమ రంగు పొక్కుల్లా అంటుకుని గోరుతో గీకితే ఊడొస్తే పొలుసు పురుగు. ముందు బాత్రూం షవర్ కింద గట్టిగా కడగండి, ఆ ఒక్క పనికే సగం పోతుంది. తర్వాత వేపనూనె లీటరుకు 5 మి.లీ., నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి, వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు. ఇల్లంతా రెండు రోజులు వేప వాసన, దానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

కుండీ ఎప్పుడు మార్చాలి? ఏ మట్టి?

రెండు మూడేళ్లకోసారి, లేదా అడుగు చిల్లులోంచి వేర్లు బయటికి వస్తుంటే, నీళ్లు పోసిన మర్నాటికే మట్టి ఎండిపోతుంటే. జూన్, జూలైలో తొలకరి పడ్డాక మంచి టైము. ఇప్పుడున్న దానికంటే రెండు అంగుళాలు పెద్ద కుండీ చాలు, ఒకేసారి గంగాళం అంత కొంటే వేర్లు లేని మట్టిలో నీళ్లు నిలిచిపోతాయి. నేను వాడేది రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్ట్. పిడికిట్లో పట్టి పిండితే ముద్దయి, వేలితో తడితే విడిపోవాలి. మొక్క ముందు ఏ లోతులో ఉందో అదే లోతులో నాటండి, కాండాన్ని లోతుగా పూడ్చకండి. గుంపుని విడదీసి నాలుగు కుండీలు చేద్దామనే ఆశ వద్దు, చిక్కుపడిన వేర్లు తెగి నాలుగూ వాలిపోతాయి.

ఎరువు?

ఆరోగ్యంగా ఉన్న మొక్కకి, మార్చి నుంచి అక్టోబరు దాకా, నెలకోసారి పిడికెడు వర్మీకంపోస్ట్. లేదా 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు 2 గ్రాములు, తడి మట్టి మీద. వాలిపోయిన మొక్కకి వద్దు, ఇంకోసారి చెబుతున్నా.

మాది అరెకా కాదు. ఇవే వర్తిస్తాయా?

చాలావరకు వర్తిస్తాయి. విసనకర్రలా చీలిన ఆకులుండే లేడీ పామ్ తక్కువ వెలుతురుని బాగా ఓర్చుకుంటుంది, నీళ్ల తప్పులు కూడా కాస్త క్షమిస్తుంది. చిన్నగా టేబుల్ మీద పెట్టుకునే పార్లర్ పామ్ మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగేది, ఎండ అస్సలు పడదు. ఫీనిక్స్ పామ్‌కి ఇంట్లో వెలుతురు చాలదు, ముళ్లు కూడా ఉంటాయి, దాన్ని బాల్కనీలోనే ఉంచండి.

పేరు విని అరెకా అంటే వక్క చెట్టే కదా అని అడుగుతుంటారు. వక్క, మన పోకచెట్టు, దాని శాస్త్రీయ నామం అరెకా కటెచు. ఇంట్లో పెట్టుకునేది మడగాస్కర్ నుంచి వచ్చిన వేరే మొక్క, పేరు మాత్రం అంటుకుంది. ఇందులో వక్కలు కాయవు, తాంబూలానికి ఆశ పడకండి. సైకస్‌ని కూడా సాగో పామ్ అని అమ్ముతారు, అది అసలు పామే కాదు, పైగా కుక్కలకు, పిల్లులకు విషం. అరెకాతో ఆ భయం లేదు.

అమెరికాలో ఉంటున్నాం. డిసెంబర్ వచ్చేసరికి వాలిపోతోంది.

హీటర్ గాలి పొడిగా ఉంటుంది, పగలు చిన్నదై వెలుతురు తగ్గుతుంది, కిటికీ అద్దం మంచుగడ్డలా ఉంటుంది. మూడూ ఒకేసారి పడతాయి. హీటర్ గాలి వచ్చే చోటుకి దూరంగా జరపండి, ఆకు అద్దానికి తగలనివ్వకండి, చిన్న హ్యూమిడిఫయర్ పెట్టండి, నీళ్లు తగ్గించండి, పోసేవి గోరువెచ్చగా ఉండాలి. చలికాలంలో మొక్క కొని కారులో తెచ్చేటప్పుడు సంచి కప్పి తీసుకురండి, ఐదు నిమిషాల గడ్డకట్టే చలి చాలు ఆకులు నల్లబడటానికి.

ఇంకో మాట. అక్కడ పెద్ద స్టోర్లలో చవగ్గా దొరికే మెజెస్టీ పామ్ మడగాస్కర్‌లో నదుల ఒడ్డున పెరిగేది. దానికి ఎండా కావాలి, నీళ్లూ కావాలి, తేమా కావాలి. అపార్ట్‌మెంట్ మూలలో అది వాలిపోతే మీ తప్పేం లేదు.

వాలిన మట్టలు మళ్లీ లేస్తాయా? దారంతో కట్టొచ్చా?

దాహం వల్ల వాలినవి లేస్తాయి. మడత పడి విరిగినవి, చీకట్లో సాగినవి లేవవు. చుట్టూ వెదురు పుల్లలు పాతి వదులుగా కట్టొచ్చు, బిగించి చీపురు కట్టలా కట్టేస్తే లోపల గాలాడక పురుగు చేరుతుంది. అసలు అరెకా మట్ట కొంచెం వంగే ఉంటుంది, అది వాలడం కాదు, దాని తీరే అంత. మా పక్కింటావిడ ఆర్నెల్లు దానికోసం బాధపడ్డారు, మొక్కకేమో ఏమీ లేదు.

ఇది గాలిని శుభ్రం చేస్తుందనే కొన్నాను. వాలిపోయినా చేస్తుందా?

1989 నాటి నాసా అధ్యయనం పేరు చెప్పి అమ్ముతుంటారు. ఆ ప్రయోగాలు గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి, తలుపులు కిటికీలు ఉన్న మన ఇంట్లో ఒక కుండీతో అంత తేడా రాదు. పచ్చగా కళ్లకు బాగుంటుందని పెట్టుకోండి, చాలు.

ఎన్నాళ్లు చూసి ఆశ వదులుకోవాలి?

కాండాలు గోటితో నొక్కితే గట్టిగా ఉండి, ఒక్క మొవ్వైనా కదలకుండా నిలబడితే రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. మొవ్వు ఆకు మీద స్కెచ్ పెన్నుతో చిన్న గీత, దానికి సరిగ్గా ఎదురుగా పక్క మట్ట కాడ మీద ఇంకో గీత పెట్టి తేదీ రాసుకోండి. నెల తర్వాత మొవ్వు మీది గీత కాడ మీది గీత కంటే పైకి జరిగిందంటే, ఒక్క అర అంగుళమైనా సరే, లోపల వేరు పని మొదలెట్టింది. అన్ని మొవ్వులూ ఊడొచ్చేస్తే మాత్రం కుండీ కడిగి ఎండలో ఆరబెట్టుకోండి, ఆ మట్టిని వేరే కుండీల్లో కలపకండి.

మాది వేర్లు కుళ్లి పోయినప్పుడు ఆ పింగాణీ కుండీ పారెయ్యడానికి అత్తయ్య ఒప్పుకోలేదు. ఇప్పుడది వంటింట్లో ఉంది, అందులో ఉల్లిపాయలు పోసుకుంటున్నాం.